రెండవ దారి సిద్ధం కానిదే సర్వరును కదిలించరాదు

మన కళాశాల కంప్యూటర్ గదిలో, ఇనుప బీరువా పక్కన, ఒక సర్వరు రాత్రింబవళ్లు సన్నని రొదతో నడుస్తున్నది. దానిని పట్టించుకునేవారు అరుదు. చూడడానికి అది ఒకే యంత్రం. కాని లోపల నాలుగు యంత్రాలు కాపురముంటున్నాయి. ఒకటి ఫీజు ఖాతాలను చూస్తుంది. ఒకటి గ్రంథాలయపు పుస్తకాల లెక్క ఉంచుతుంది. మూడవది మార్కుల పట్టికలది. నాలుగవది అందరికంటె ముసలిది. ఈ వార్షిక సంచిక పాత పుటలు, ఉర్దూవీ తెలుగువీ, దానిలోనే ఉన్నాయి.

ఈ నాలుగింటికీ వర్చువల్ మెషీన్లని పేరు. శ్రీరాంపూర్‌లోను, నస్పూర్‌లోను ఒకే ఇంటిని నాలుగు వాటాలు చేసి కిరాయికివ్వడం మనమెరిగినదే. ఎవరి తలుపు వారిది, ఎవరి తాళం వారిది. గోడలు, నేల, బావి మాత్రం ఇంటి యజమానివి. సర్వరులో ఆ యజమాని పని చేసే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అంటారు. ప్రాసెసరును, మెమరీని, డిస్కును వాటాలవారీగా పంచియిచ్చి, ఒకరి జోలికి మరొకరు పోకుండా చూడడం దాని ధర్మం. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వీఎం/370 అనే పేర పెద్ద కంప్యూటర్లలో ఈ ఏర్పాటును విడుదల చేసినది. మనవంటి చిన్న కళాశాలలకు అది అందుబాటులోకి రావడానికి దశాబ్దాలు పట్టినది, అంతే.

ఇప్పుడు ఆ యజమానినే మార్చవలసిన సమయం వచ్చినది. మన సర్వరులో ఉన్నది వీఎంవేర్ వారి ఈఎస్‌ఎక్స్‌ఐ 7వ వర్షన్. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 2తో ముగిసినది. అంటే లోపాలు బయటపడినా మనవంటి వారికి మామూలుగా సవరణలు రావు. ఈ విషయమై కమిటీ పెద్దలు రెండు విధాలుగా ఆలోచిస్తున్నట్టు విన్నాము. నడుస్తున్న బండిని ఎందుకు ఆపాలన్నది ఒక పక్షం. ఒక ఆదివారం ఎవరినైనా పిలిచి పని ముగించేద్దామన్నది రెండవ పక్షం. మేము ఈ రెండింటితోను ఏకీభవించలేకపోతున్నాము. మా కారణాలను ఈ పుటల్లో కమిటీ వారి ముందు, విద్యార్థి మిత్రుల ముందు ఉంచుతున్నాము.

మొదటి పక్షం సంగతి. 2021 ఫిబ్రవరిలో వీఎంవేర్ తన ఈఎస్‌ఎక్స్‌ఐలోని ఒక లోపానికి సవరణ విడుదల చేసినది. పెట్టుకున్నవారు పెట్టుకున్నారు, నడుస్తున్నది కదా అని ఊరుకున్నవారు ఊరుకున్నారు. రెండేండ్లు గడిచి 2023 ఫిబ్రవరి మొదటి వారంలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అని పేరుపడిన దాడి వచ్చినది. నవీకరించని సర్వర్లు వేల సంఖ్యలో, ఐరోపాలోను అమెరికాలోను, దాని పాలబడినాయి. దుండగులు వర్చువల్ మెషీన్ల ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగినారు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఒక వాటాలో దొంగ పడితే ఒక్క కాపురమే పోతుంది. యజమాని తాళాలగుత్తే దొంగ చేతికి చిక్కితే అన్ని వాటాలూ ఒకే రాత్రి పోతాయి. హైపర్‌వైజరును పాతబడనివ్వడం మిగిలిన సాఫ్ట్‌వేర్లను పాతబడనివ్వడం వంటిది కాదని మేమనడం అందుకే.

ఖర్చు సంగతి కూడ ఉన్నది. బ్రాడ్‌కామ్ సంస్థ 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొన్నది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం మానివేసి చందా పద్ధతి పెట్టినది. ఉచితంగా దొరికే ఈఎస్‌ఎక్స్‌ఐని 2024 ఫిబ్రవరిలో ఉపసంహరించి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చినది. ఇంటి యజమాని ఇట్లా ఏడాదికొక మాట మారుస్తూ ఉంటే కిరాయిదారులు వేరే ఇల్లు వెతకడంలో వింత ఏమున్నది? ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో తయారయ్యే ప్రాక్స్‌మాక్స్ అనే ఏర్పాటు వైపు ప్రపంచమంతటా చాలామంది మళ్లుతున్నారు. 2008లో వెలువడిన ఈ సాఫ్ట్‌వేరును చందా కట్టకుండానే వాడుకోవచ్చును. దాని లోపల పని చేసే కేవీఎం 2007 నుండి లైనక్సులో భాగమై ఉన్నది. మేము కూడ దీనినే సిఫారసు చేస్తాము. ఈఎస్‌ఎక్స్‌ఐ 8కే పోదామని కమిటీ వారు తలిస్తే మాకు విరోధం లేదు. కాని కొత్త వర్షన్ కొన్ని పాత ప్రాసెసర్లను అంగీకరించదు కనుక, ముందు మన యంత్రం ఆ జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవలెను.

ఇక రెండవ పక్షం, ఒక ఆదివారంలో పని ముగిద్దామన్నవారు. వీరికి మేము చెప్పదలచినది సర్వర్ల గదిలో కాదు, బొగ్గుబావిలో దొరుకుతుంది.

1862 జనవరి 16న ఇంగ్లండులోని న్యూ హార్ట్‌లీ గనిలో నీళ్లు తోడే ఇంజను ఇనుప దూలం విరిగి షాఫ్టులో పడినది. ఆ గనికి ఉన్నది ఒకే షాఫ్టు. అది పూడిపోగా లోపలి పెద్దలు, పిల్లలు కలిసి 204 మంది బయటికి రాలేక మరణించినారు. గని లోపల అంతకుముందు ఏ లోపమూ లేదు. పని చక్కగా సాగుతూనే ఉన్నది. ఆ ఏడాదే బ్రిటిషు పార్లమెంటు ప్రతి గనికి రెండు దారులుండి తీరవలెనని చట్టం చేసినది. మన దేశపు బొగ్గు గనుల నిబంధనలు సైతం రెండు దారులు లేకుండా మనుషులను లోపలికి దించనివ్వవు. శ్రీరాంపూర్ ఏరియాలో షిఫ్టుకు దిగే ప్రతి కార్మికునికీ ఈ సంగతి తెలుసు. మనలో చాలామంది ఇండ్లలో తండ్రులకు, అన్నలకు ఇది నిత్యపాఠం. బొగ్గు తవ్వే ఊరిలో పుట్టి, బావికి రెండు దారులడిగే మనమే, ఏండ్ల తరబడి పోగైన కళాశాల లెక్కలను ఒకే దారి ఉన్న బావిలో దించి ఊరుకున్నామంటే దీపం కింద చీకటి అనిపించుకోమా?

మేము ఊరికే భయపెట్టడం లేదు. మాకు జరిగిన అనుభవమే చెబుతాము. నిరుడంతా నెలకొకసారి నాలుగు యంత్రాలను ఆపి, వాటి ఫోల్డర్లను బయటి డిస్కు మీదికి నకలు తీస్తూ వచ్చినాము. రిజిస్టరులో తేదీ వేసి సంతకాలు కూడ చేసినాము. ఒకనాడు ఎవరికో తోచి, ఆ నకలును వేరే కంప్యూటరులో తెరచి చూద్దామన్నారు. మూడు యంత్రాలు లేచినాయి. నాలుగవది, మన సంచిక యంత్రం, లేచినది కాని దానిలో ఉర్దూ పుటల ఫోల్డరే లేదు. విచారించగా తేలినదేమంటే, ఆ యంత్రానికి రెండు డిస్కులున్నాయి. రెండవ డిస్కు ఫైలు వేరొక డేటాస్టోరులో ఉన్నది. మేము మొదటి ఫోల్డరునే నకలు తీస్తూ వచ్చినాము. పదకొండు నెలల సంతకాలు ఉన్నాయి, పుటలు లేవు. అసలు సర్వరు నడుస్తున్నది గనుక బతికిపోయినాము. తప్పు పూర్తిగా మాదే. ఆదివారం వచ్చే నిపుణుడు ఆ నకలును నమ్మి అసలును తుడిచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆ పుటల విలువ తెలియనివారికి ఒక మాట. పూర్వం మన ఉర్దూ విభాగాన్ని కాతిబులు చేత్తో రాసేవారు. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చిన తరువాత నస్తాలీఖ్ లిపిని కంప్యూటరుతో కూర్చడం మొదలైనది. తెలుగు పుటలను ఆ రోజుల అను లిపులతో కూర్చినారు. ఇవి రెండూ నేటి యూనికోడ్ కాదు. కొత్త కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. కనుక విండోస్ ఎక్స్‌పీతో సహా ఆ పాత యంత్రాన్ని అట్లాగే వర్చువల్ మెషీనుగా కాపాడుకుంటూ వచ్చినాము. విద్యార్థి మిత్రుల తొలి కథలు, గజళ్లు, స్వర్గస్థులైన అధ్యాపకుల వ్యాసాలు మరెక్కడా లేవు. ఫీజు లెక్క పోతే రసీదు పుస్తకాలు చూసి మళ్లీ రాసుకోవచ్చును. ఇవి పోతే రాయడానికి రాసినవారే లేరు.

ఇక్కడ స్నాప్‌షాట్ గురించి కూడ చెప్పవలెను, ఎందుకంటే స్నాప్‌షాట్ తీసినాము కదా అన్న ధైర్యం చాలామందిని ముంచినది. స్నాప్‌షాట్ అనగా ఒక క్షణాన యంత్రం ఉన్న స్థితికి గుర్తు పెట్టి, ఆ తరువాతి మార్పులను వేరుగా రాసుకుంటూ పోవడం. అది అసలు డిస్కు మీదనే ఆధారపడి ఉంటుంది. అసలు డిస్కు చెడితే స్నాప్‌షాట్ కూడ దానితోపాటే పోతుంది. చిన్న ప్రయోగానికి ముందు తీసుకొని, ఫలితం చూసి, తీసివేయవలసిన వస్తువది. మూడు రోజులకు మించి ఉంచవద్దని వీఎంవేర్ వారే చెబుతారు. నెలల తరబడి ఉంచితే మార్పుల ఫైలు పెరిగి డిస్కు నిండిపోతుంది, యంత్రం నెమ్మదిస్తుంది. బ్యాకప్ అంటే వేరే డిస్కు మీద, వేరే గదిలో, తెరచి చూసిన నకలు. తెరచి చూడనిది నకలు కాదని మా అనుభవం.

పెద్దవారికీ ఈ పొరపాటు తప్పలేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలను తరలించే పని జరుగుతుండగా మంటలు లేచినాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయినాయి. వాటిలో చాలావరకు మెల్లగా తిరిగి లేచినాయి. కాని ఉద్యోగులు తమ దస్తాలను దాచుకునే జీ-డ్రైవ్ అనే నిల్వకు బయట నకలు లేదు. 858 టెరాబైట్ల సమాచారం బూడిదైనది. నకలు తీయడానికి అది మరీ పెద్దదని వదిలివేసినారట! ఆ దేశానికి డబ్బు తక్కువా, తెలివి తక్కువా? కాదు. రెండవ దారి వేయడం మాత్రం వాయిదా పడినది.

అయితే ఎట్లా చేయవలెను? మొదట ప్రతి యంత్రపు జాతకం కాగితం మీద రాసుకోవలెను. ఎన్ని డిస్కులు, ఏ డేటాస్టోరులో, మెమరీ ఎంత, నెట్‌వర్క్ కార్డు చిరునామా ఏమి, అది బయాస్ పద్ధతిలో లేచేదా, యూఈఎఫ్‌ఐ పద్ధతిలో లేచేదా. ఈ చివరిది కొత్త చోట తప్పుగా ఎంచితే యంత్రం అసలు లేవదు, మనమేమో డేటా పోయిందని తల పట్టుకుంటాము. పాత స్నాప్‌షాట్లను కలిపివేయవలెను. వీఎంవేర్ టూల్స్‌ను పాత చోటనే తొలగించవలెను. కొత్త చోటికి పోయినాక తీయడం కష్టం. ఆపైన యంత్రాన్ని చక్కగా ఆపి, నకలు తీసి, రెండు వైపుల ఫైళ్ల చెక్‌సమ్ సరిపోయినదో లేదో పోల్చవలెను.

తరువాత ప్రయోగశాల నుండి ఒక మామూలు కంప్యూటరును అరువు తెచ్చి, దాని మీద ప్రాక్స్‌మాక్స్ పెట్టి, నకళ్లను అందులోనికి దించవలెను. వర్చువలైజేషన్ సౌకర్యమున్న 64 బిట్ల ప్రాసెసరు, సరిపడ మెమరీ ఉంటే చాలు. ఇక్కడ విండోస్ యంత్రాలతో జాగ్రత్త అవసరం. కొత్త చోట వేగంగా నడిచే వర్ట్‌ఐఓ డిస్కు పద్ధతికి విండోసులో ముందే డ్రైవరు ఉండవలెను. లేకుంటే నీలి తెర వచ్చి ఆగిపోతుంది. మొదట సాటా పద్ధతిలో లేపి, డ్రైవర్లు పెట్టి, ఆ తరువాత మార్చుకోవచ్చును. మన ఎక్స్‌పీ ముసలమ్మను మాత్రం పాత ఐడీఈ పద్ధతిలోనే ఉండనివ్వడం మేలు. యంత్రం మారినదని తలచి అది మళ్లీ లైసెన్సు అనుమతి అడగవచ్చును; ఆ కీ కాగితం ముందే వెతికి పెట్టుకోవలెను. మరొకటి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సవరణలు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయినాయి కనుక దానిని మనం ఇంటర్నెట్టుకు దూరంగా ఉంచినాము. కొత్త చోట నెట్‌వర్క్ కార్డును మామూలుగా అందరూ ఉన్న బ్రిడ్జికే తగిలిస్తారు. చూడకుండా లేపితే ఇన్నేండ్లు గడప దాటని ముసలమ్మను నడిబజారులో నిలబెట్టినట్టే.

పాతదీ కొత్తదీ ఒకేసారి నెట్‌వర్కులో నడవరాదు. ఒకే ఫీజు యంత్రం రెండు చోట్ల మేల్కొని ఉంటే కొందరి జమ ఇక్కడ, కొందరి జమ అక్కడ పడుతుంది. ఆ రెండు ఖాతాలను మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు.

విద్యార్థి మిత్రులు ఒక ప్రశ్న వేయవచ్చును. హైదరాబాదులోని పెద్ద సంస్థలలో యంత్రాన్ని ఆపకుండానే ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు మార్చుతారు గదా, మనమెందుకు ఆపవలెనని. నిజమే. నడుస్తున్న యంత్రపు మెమరీని పుటలు పుటలుగా అవతలికి పంపుతూ, ఆ లోపల మారిన పుటలను మళ్లీ పంపుతూ, మిగిలినవి కొద్దిగా ఉన్నప్పుడు రెప్పపాటు కాలం ఆపి, అవతల లేపుతారు. 2005లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఆట నడుస్తున్న సర్వరును ఇట్లా మార్చితే అది ఆగినది 60 మిల్లీసెకండ్లు మాత్రమే! కాని దానికి ఒకే హైపర్‌వైజర్ ఉన్న రెండు సర్వర్లు, దగ్గరి తరగతి ప్రాసెసర్లు కావలెను. మనకున్నది ఒక్కటి. పైగా మనం యజమానినే మార్చుతున్నాము. ఒక పూట ఆగితే మన కళాశాలకు వచ్చే నష్టమేమీ లేదు.

అరువు కంప్యూటరులో నాలుగూ లేచి, పరీక్ష అయిన తరువాతనే అసలు సర్వరును తాకవలెను. అప్పుడు కూడ దాని డిస్కులను తుడవవద్దని మా గట్టి మనవి. ఏ డిస్కు ఏ గడిలో ఉన్నదో చీటీ అంటించి, వరుస తప్పకుండా బయటికి తీసి, బీరువాలో పెట్టవలెను. కొత్త డిస్కులు కొని వాటి మీదనే ప్రాక్స్‌మాక్స్ వేయవలెను. ఏదైనా బెడిసికొడితే పాత డిస్కులను అవే గడులలో తిరిగి పెట్టి పాత సర్వరును లేపవచ్చును. మేమంటున్న రెండవ దారి ఇదే. అయితే ఈ దారికీ ఒక గడువున్నది. కొత్త యంత్రంలో ఒక రోజు ఫీజులు జమ అయిన తరువాత వెనుకకు పోతే ఆ రోజు జమలు ఉండవు. కనుక మొదటి వారం గుమస్తాగారు కాగితపు రసీదు పుస్తకం కూడ రాస్తూ ఉండవలెను. వారికి శ్రమే, ముందుగా చెప్పి, ఒప్పించి, ఆ వారానికి ఇంకొకరిని తోడివ్వడం కమిటీ వారి ధర్మం.

సమయం గురించి. వార్షిక పరీక్షల నెలలో వద్దు. రోహిణి కార్తెలో అసలు వద్దు. ఇక్కడి ఎండలకు మనుషులే సోలిపోతారు, సర్వరు ఒక లెక్కా! పక్కనే జైపూరులో సింగరేణి వారి 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్నా, గాలిదుమారం వచ్చిన సాయంత్రం మన దీపాలు ఆరడం మనకు అలవాటే. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో పనికి వారం ముందే చూసుకోవలెను. దసరా సెలవులు అనుకూలమని మా అభిప్రాయం.

మేమడిగేది ఎక్కువ కాదు. సర్వరుకు కొత్త డిస్కులు, నకళ్లకు రెండు బయటి డిస్కులు, అందులో ఒకటి కంప్యూటర్ గదిలో కాక గ్రంథాలయపు బీరువాలో ఉండేటట్టు, అరువు కంప్యూటరు, ఒక ఆదివారానికి బదులు నాలుగు రోజులు. కమిటీలో కొందరు ఇది వృథా ఖర్చనవచ్చును. అంతా సవ్యంగా జరిగితే బీరువాలోని డిస్కులు ఎవరికీ అక్కర పడవన్నది నిజమే. గనిలో రెండవ ఇంక్లైన్ తవ్విన ఖర్చును గురించి కూడ ఒకప్పుడు యజమానులు ఈ మాటే అన్నారు.

పని అయినదని ఎవరు ప్రకటించవలెనన్నది మిగిలినది. తెర మీద పచ్చదీపం వెలిగినంత మాత్రాన అయినట్టు కాదు. గుమస్తాగారు నిరుటి ఒక రసీదును తీసి చూడవలెను. గ్రంథాలయాధికారి ఒక పుస్తకం ఇచ్చి తిరిగి తీసుకోవలెను. పరీక్షల విభాగంవారు ఒక మెమోను అచ్చు వేసి పాతదానితో పోల్చవలెను. ఎక్స్‌పీ యంత్రంలో ఏ ఏ పుటలు తెరచి, నుక్తాలు, వరుసలు చెదరకుండా అచ్చు వేసి చూడవలెనో ఉర్దూ, తెలుగు శాఖలవారు ఇప్పటికే మాకు రాసి ఇచ్చినారు. ఆ చీటీ సర్వరు పక్కన గోడకు అంటించి ఉన్నది.